ఐసొలేషన్ రూములో యూవీ ట్యూబు: పెట్టించాలా వద్దా, పెట్టిస్తే ఎలాంటిది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది ఇరవై పడకల నర్సింగ్ హోమ్. టీబీ అనుమానం ఉన్నవాళ్ళు, ఆటలమ్మ పోసినవాళ్ళు వస్తే పెట్టడానికి రెండు రూములు ఐసొలేషన్‌కి మార్చాం. రెండింటిలోనూ స్ప్లిట్ ఏసీలున్నాయి. ఒక సప్లయర్ గోడకి నాలుగడుగుల యూవీ ట్యూబు బిగించుకోండి, రోజూ అరగంట వేస్తే గాలంతా శుభ్రమైపోతుంది అంటున్నాడు. పెట్టించమంటారా? పేషెంటు లోపల ఉండగా వేయొచ్చా?"

సూటిగా చెప్తానండి. ఆ ట్యూబు కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, రూములో పేషెంటు గానీ సిస్టర్ గానీ ఉండగా దాని స్విచ్ వేయకండి. యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలు, పనికిరాదని నేననడం లేదు, గాలిలో తేలే టీబీ క్రిమి మీద అది బాగా పనిచేస్తుంది. కానీ ఐసొలేషన్ రూముకి కావలసింది మనుషుల తలల పైన, సీలింగు కింద మాత్రమే కిరణాలు పడేలా తయారుచేసిన వేరే రకం ఫిక్స్చర్. దాన్ని అప్పర్ రూమ్ యూవీ అంటారు. అది పేషెంటు లోపల ఉండగానే, రూము వాడుకలో ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉండాలి. ఇక దానికంటే ముందు మీరు చేయించవలసిన పని ఇంకొకటి ఉంది. ప్రశ్నలో ఏసీ గురించి రాశారు గానీ ఎగ్జాస్ట్ ఫ్యాను మాట ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే నాకు యూవీ కంటే దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

నేను ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రుల్లో గాలి, ఏసీ, ఎగ్జాస్ట్ పనులు చూస్తున్నాను. మొదట్లో బయోమెడికల్ విభాగంలో చేశాను, తర్వాత సొంతంగా. రెండు రాష్ట్రాల్లోనూ చిన్న నర్సింగ్ హోముల నుంచి పెద్ద వార్డుల దాకా యూవీ పెట్టించాను, కొన్నిచోట్ల ఉన్నవి తీయించేశాను కూడా.

ముందు ఆ అరగంట సంగతి. పేషెంటు దగ్గేది అరగంట కాదు, రాత్రీ పగలూ దగ్గుతూనే ఉంటాడు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా నోట్లోంచి వచ్చే తుంపర్లలో పెద్దవి కింద పడిపోతాయి. చిన్నవాటిలో నీరు క్షణాల్లో ఆవిరై, క్రిమిని మోసుకునే అతిచిన్న రేణువు మిగులుతుంది. అది గంటలకొద్దీ గాలిలో తేలుతుంది. టీబీ సోకేది ఈ దారిలోనే, ఆటలమ్మ, తట్టు కూడా ఈ దారిలో సోకుతాయి. పేషెంటుని బయటికి తీసుకెళ్ళి, ట్యూబు అరగంట వేసి, మళ్ళీ లోపలికి తెస్తే కాసేపటికి గాలి మళ్ళీ మొదటికే వస్తుంది. కుళాయి తిప్పి వదిలేసి రోజుకోసారి నేల తుడిచినట్టు. ఆ తర్వాత మందులివ్వడానికి లోపలికి వెళ్ళే సిస్టర్‌కి, అన్నం తెచ్చే అమ్మకి ఆ ట్యూబు వల్ల ఏ రక్షణా ఉండదు.

ఆ ట్యూబులు మన దగ్గరికి ఆపరేషన్ థియేటర్ల అలవాటు నుంచి వచ్చాయి. రాత్రి అందరూ వెళ్ళిపోయాక ఓటీలో యూవీ వేసి తలుపు మూసేసేవాళ్ళు. ఖాళీ గదికి, అదీ కిరణం తిన్నగా తగిలేచోట, దానివల్ల కొంత ప్రయోజనం ఉంటుంది. మంచం కింద, మూలల్లో, పరదా వెనక ఉన్నదాన్ని అది తాకదు. మనిషి పడుకుని ఉన్న గదికి ఆ పద్ధతి నప్పదు.

అప్పర్ రూమ్ యూవీ ఎలా పనిచేస్తుందో ఒకసారి కళ్ళముందు ఊహించుకోండి. గోడకి ఏడడుగుల పైన ఒక పెట్టె. దాని ముందు సన్నటి రేకు పలకలు ఒకదానిమీద ఒకటి దగ్గరదగ్గరగా, కిటికీ బ్లైండ్స్ లాగా ఉంటాయి. లోపల ట్యూబు ఉంటుంది. పలకల మధ్య నుంచి కిరణాలు అడ్డంగా మాత్రమే బయటికొస్తాయి, కిందికి దిగవు. అంటే రూము పైభాగంలో కంటికి కనబడని ఒక పొర ఏర్పడుతుంది. పేషెంటు ఊపిరి వెచ్చగా ఉంటుంది కాబట్టి పైకి లేస్తుంది, ఫ్యాను దాన్ని ఇంకా కలుపుతుంది. గాలి ఆ పొరలోంచి పోయినప్పుడల్లా అందులో ఉన్న క్రిముల్లో కొన్ని చస్తాయి. క్రిములు చచ్చిన గాలి కిందికి, కింది గాలి పైకి, ఇలా తిరుగుతూనే ఉంటుంది. కిందనున్న మనుషుల మీద మాత్రం కిరణం పడదు.

ఆ కిరణం 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ‌-సీ. పాదరసం ఆవిరి ఉన్న ట్యూబు నుంచి వస్తుంది. క్రిమి డీఎన్ఏలో పక్కపక్కనున్న అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తుంది, దాంతో అది రెండుగా చీలి పెరగలేదు. మనకి కనబడే నీలం వెలుగు ఈ కిరణం కాదు, అదే పాదరసం నుంచి వచ్చే మామూలు వెలుతురు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ అవసరమవుతుంది.

ఇది నిన్నగాక మొన్న కోవిడ్‌లో పుట్టిన విద్య అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికాలో విలియం వెల్స్ 1930లలోనే గాలిలో తేలే ఈ రేణువుల గురించి చెప్పి, ఫిలడెల్ఫియా దగ్గరి బడుల్లో తరగతి గదుల పైభాగంలో యూవీ పెట్టించి తట్టు వ్యాప్తి తగ్గడం చూపించాడు. ఆయన శిష్యుడు రిచర్డ్ రైలీ 1950లలో బాల్టిమోర్‌లో ఒక టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదుల్లోకి పంపాడు. మామూలు గాలి పీల్చిన వాటికి టీబీ సోకింది, యూవీ తగిలించి పంపిన గాలి పీల్చినవి బాగున్నాయి. టీబీ గాలి ద్వారానే వస్తుందని లోకానికి గట్టిగా రుజువైంది అక్కడే. ఆ తర్వాత పెరూ దేశపు లిమా నగరంలో ఒక ఆసుపత్రి వార్డు పైన ఇదే పని మళ్ళీ చేశారు, దాదాపు ఏడాదిన్నర పాటు. ఫలితాలు 2009లో వచ్చాయి. రక్షణ ఏమీ లేని రోజుల గాలి పీల్చిన గినీ పందుల్లో 35 శాతానికి టీబీ సోకితే, పైన యూవీ లైట్లు వెలిగి, కింద ఫ్యాన్లు తిరిగిన రోజుల గాలి పీల్చిన వాటిలో 9.5 శాతానికే సోకింది. దక్షిణాఫ్రికాలో తర్వాత చేసిన పరిశోధనలో రక్షణ 80 శాతం దగ్గర తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన టీబీ మార్గదర్శకాల్లో అప్పర్ రూమ్ యూవీని సిఫార్సు చేసింది ఇలాంటి ఆధారాలు చూసే.

గమనించారా, లిమాలో గానీ దక్షిణాఫ్రికాలో గానీ నూటికి నూరు రాలేదు. అందుకే యూవీ పెట్టామని సిస్టర్లకి ఎన్-95 మాస్కు మానేయించకూడదు.

ఇప్పుడు మీ స్ప్లిట్ ఏసీ గురించి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, లోపలి గాలి బయటికి పంపదు. రూములో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్ళీ మొహాన కొడుతుంది. దాని జాలీ దుమ్ము ఆపుతుంది గానీ టీబీ క్రిమిని ఆపదు. చల్లదనం పోకుండా కిటికీలు మూసేస్తాం, తలుపు సందుల్లో రబ్బరు పెడతాం. అంటే ఐసొలేషన్ రూము అని బోర్డు పెట్టి, ఆసుపత్రి మొత్తంలో క్రిములు ఎక్కువగా పోగయ్యే గదిని మనమే తయారుచేస్తున్నామన్నమాట. చెప్పడానికి బాధగా ఉంది గానీ, నేను చూసిన చిన్న ఆసుపత్రుల్లో సగానికి పైగా ఐసొలేషన్ రూములు ఇలాగే ఉన్నాయి.

గాలి మార్పిడిని గంటకి ఎన్నిసార్లు అని లెక్కిస్తారు. కొత్తగా కట్టే ఐసొలేషన్ రూముకి గంటకి 12 సార్లు, పాత కట్టడమైతే కనీసం 6 సార్లు మారాలి. మీ రూము 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు అనుకుందాం, దాదాపు 41 ఘనపు మీటర్లు. 12 సార్లు మారాలంటే ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకి సుమారు 490 ఘనపు మీటర్ల గాలి లాగాలి. సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులని అడిగితే 290 అని చెప్పండి. పేషెంటు వెళ్ళిపోయాక గాలిలో మిగిలినదాంట్లో 99 శాతం పోవడానికి, 12 సార్లు మారే రూములో 23 నిమిషాలు పడుతుంది, 6 సార్లయితే 46 నిమిషాలు, 2 సార్లయితే 138 నిమిషాలు. అన్నీ మూసేసి ఏసీ వేసిన రూములో ఆ 2 కూడా రాదు.

ఫ్యాను పెట్టే చోటు కూడా ముఖ్యం. తలుపుకి ఎదురుగా, పేషెంటు తల ఉన్న వైపు గోడకి పెట్టండి. గాలి వరండాలోంచి తలుపు కింద సందు గుండా లోపలికొచ్చి, సిస్టర్ నిలబడే చోటు దాటి, పేషెంటు మీదుగా బయటికి పోవాలి. బయట అది ఎవరి కిటికీ మీదికి, ఎవరు కూర్చునే చోటికి పోతోందో దిగి చూసుకోండి. ఒకచోట ఎగ్జాస్ట్ తిన్నగా అటెండెంట్లు భోజనం చేసే రేకుల షెడ్డులోకి కొడుతోంది. ఆరేళ్ళుగా ఎవరూ గమనించలేదు.

గాలి బయటి నుంచి రూములోకే వస్తూ, తలుపు గుండా బయటికి పోకుండా ఉండడాన్ని నెగటివ్ ప్రెషర్ అంటారు. అది ఉందో లేదో తెలుసుకోవడానికి మీటరు లేకపోతే అగరుబత్తి చాలు. తలుపు మూసి, ఏసీ, ఫ్యాను అన్నీ వేసి, బయట తలుపు కింద సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. అటూ ఇటూ ఊగినా, మీ వైపు తిరిగినా రూము ఐసొలేషన్‌కి పనికిరాదు. రోజూ పొద్దున డ్యూటీ సిస్టర్ ఈ పని చేసి రిజిస్టర్‌లో రాసేలా పెట్టండి. రోజూ ఎందుకంటున్నానంటే, గోదావరి జిల్లాల్లో ఒక ఆసుపత్రిలో నేనే స్వయంగా చూసి ఇచ్చిన రూము మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి పొగ బయటికొస్తోంది. మెట్లెక్కి చూస్తే ఎగ్జాస్ట్ రెక్కలకి అడ్డంగా అట్టముక్క. పావురాలు దూరుతున్నాయని వాచ్‌మన్ పెట్టాడట. అతని తప్పేమీ లేదు, ఆ ఫ్యాను ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు. జాలీ పెట్టించి, పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను.

ఏసీ లేకుండా గడపగలిగితే ఇంకా మంచిది. లిమాలోనే చేసిన ఇంకో పరిశోధనలో, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచిన గదుల్లో గంటకి సగటున 28 సార్లు గాలి మారినట్టు తేలింది, అందులోనూ ఎత్తైన సీలింగు, పెద్ద కిటికీలున్న పాత కట్టడాలే మెరుగ్గా ఉన్నాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం లాంటివి కట్టిన కాలంలో టీబీకి మందే లేదు, గాలీ వెలుతురూ ధారాళంగా ఉండేలా వార్డులు కట్టడమే అప్పటి వైద్యం. మేలో ఏసీ లేకుండా పేషెంటుని ఉంచడం కష్టమని నాకూ తెలుసు. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎందుకు మూయాలి? గాలి బయటికి పోయే వైపు కిటికీలు తెరిచి, వరండా వైపు తలుపు మాత్రం మూసి ఉంచండి. అయితే గాలి ఎటు వీస్తే అటు పోతుంది కాబట్టి, కిటికీలు తెరిచిన రోజున కూడా అగరుబత్తి పరీక్ష మానకండి.

సరే, ఎగ్జాస్ట్ పెట్టారు, అయినా 6 సార్లు దాటడం లేదు, లేదా కరెంటు బిల్లు చూసి ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని యాజమాన్యం గోల పెడుతోంది. యూవీ అసలు ఉపయోగపడేది ఇక్కడ. చల్లటి గాలిని పారబోయకుండానే గాలిలో క్రిములను తగ్గిస్తుంది. అందుకే ఏసీ రూములకి, రద్దీ వార్డులకి ఇది నాకు ఇష్టమైన పద్ధతి.

కొనేటప్పుడు అందరూ అడిగేది "ఎన్ని వాట్లు?" అని. ఆ ప్రశ్నతో ఉపయోగం లేదు. ట్యూబు మీద రాసిన వాట్లు అది మింగే కరెంటు. అందులో మూడో వంతు మాత్రమే యూవీ‌గా మారుతుంది, దాంట్లోనూ ఎక్కువ భాగాన్ని ఆ రేకు పలకలే మింగేస్తాయి. అడగవలసింది, ఫిక్స్చర్ నుంచి బయటికొచ్చే మొత్తం యూవీ ఎన్ని మిల్లీవాట్లు, దానికి ల్యాబ్ రిపోర్టు ఉందా అని. దక్షిణాఫ్రికా పరిశోధన నుంచి వచ్చిన లెక్క, రూములో ఒక్కో ఘనపు మీటరుకి 15 నుంచి 20 మిల్లీవాట్లు. మనం పైన అనుకున్న 41 ఘనపు మీటర్ల రూముకి 615 నుంచి 820 మిల్లీవాట్ల దాకా. సప్లయర్ ఈ అంకె చెప్పలేకపోతే, రిపోర్టు చూపించలేకపోతే అతని దగ్గర కొనకండి. ఎంత మంచివాడైనా సరే, తెలిసినవాడైనా సరే.

సీలింగు ఎత్తు ఎనిమిది అడుగులకి తక్కువగా ఉంటే అప్పర్ రూమ్ యూవీ వద్దు. ఫాల్స్ సీలింగు కొట్టించుకున్న రూముల్లో ఇదే ఇబ్బంది, పైన చోటే ఉండదు. అలాంటిచోట అతిచిన్న రేణువులను కూడా పట్టే హెపా ఫిల్టరున్న గాలి శుద్ధి యంత్రం తెచ్చి మంచం పక్కన పెట్టడమే నయం, దాని సామర్థ్యం కూడా పైన చెప్పిన ఘనపు మీటర్ల లెక్కతోనే చూసుకోండి.

సీలింగు ఫ్యాను ఆపకూడదు. పైన యూవీ ఎంత బలంగా ఉన్నా, కింది గాలి పైకి వెళ్ళకపోతే అది సీలింగుకి కాపలా కాసినట్టే. చలికాలంలో పేషెంటు చలేస్తోందని ఫ్యాను ఆపేయమంటాడు. నెమ్మదిగా తిప్పండి, ఆపకండి. ఏసీ చల్లటి గాలి కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఏసీ రూములో ఫ్యాను ఇంకా అవసరం.

తేమ సంగతి మన కోస్తావాళ్ళు తప్పకుండా పట్టించుకోవాలి. గాలిలో తేమ 60 శాతం దాటాక యూవీ ప్రభావం తగ్గుతూ వస్తుంది. వానాకాలంలో విశాఖలో, కాకినాడలో, బందరులో కిటికీలు తెరిచిన రూములో తేమ 80 దాటడం మామూలే. అలాంటి రోజుల్లో యూవీ మీద భారం వేయకుండా గాలి మార్పిడి పెంచండి. ఏసీ రూములో తేమ తగ్గుతుంది కాబట్టి అక్కడ యూవీ బాగా పనిచేస్తుంది. హైదరాబాదులో ఏడాదిలో చాలా నెలలు ఈ సమస్య ఉండదు.

ఇక భద్రత. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన ఒక ఘటన ఇప్పటికీ మనసులోంచి పోలేదు. ఒక ఊళ్ళో, పేరు వద్దు, సరిగ్గా మీ సప్లయర్ చెప్పినట్టే గోడకి బోసి యూవీ ట్యూబు బిగించారు. దాని స్విచ్, మామూలు ట్యూబులైటు స్విచ్ పక్కపక్కనే. సాయంత్రం కొత్తగా చేరిన ఆయా చీకటి పడుతోందని రెండూ వేసింది. పేషెంటు ఒక పెద్దాయన, తోడుగా ఆయన కూతురు. నీలంగా వెలుగుతుంటే దోమల లైటు అనుకున్నారట. మూడు గంటలు ఆ వెలుతురులోనే కూర్చుని ఉన్నారు. అప్పుడేమీ తెలియలేదు. అర్ధరాత్రి దాటాక ఇద్దరికీ కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు, కళ్ళు తెరవలేకపోయారు, మొహం ఎర్రగా కందిపోయింది. డ్యూటీ డాక్టరు ముందు కళ్ళకలక అనుకున్నారు. వెల్డింగ్ షాపుల్లో పనిచేసే పిల్లలకి రాత్రుళ్ళు వచ్చే బాధ ఇదే. రెండు రోజుల్లో తగ్గిపోయింది, చూపుకేమీ కాలేదు. కానీ జబ్బు తగ్గించుకుందామని వచ్చిన మనిషికి మనం ఆ రాత్రి పెట్టిన నరకం ఎవరు తీరుస్తారు? మర్నాడు నేను వెళ్ళి చేసిన మొదటి పని ఆ ట్యూబు పీకించడం.

బాధ వెంటనే తెలియకపోవడమే దీనిలో ప్రమాదం. చెయ్యి కాలితే వెనక్కి తీసుకుంటాం, యూవీ కొన్ని గంటల తర్వాత గానీ చెప్పదు.

అప్పర్ రూమ్ ఫిక్స్చర్ సరిగ్గా బిగిస్తే ఈ భయం ఉండదు, కానీ సరిగ్గా బిగించారో లేదో 254 నానోమీటర్లు కొలిచే మీటరుతో చూడాల్సిందే. ఎనిమిది గంటల్లో కంటి మీద, చర్మం మీద పడేది చదరపు సెంటీమీటరుకి 6 మిల్లీజౌళ్ళు దాటకూడదు. ఎనిమిది గంటలూ ఒకేచోట ఉంటే అది చదరపు సెంటీమీటరుకి దాదాపు 0.2 మైక్రోవాట్లతో సమానం. సిస్టర్ నిలబడే చోట కంటి ఎత్తులో, రూము నలుమూలలా, తలుపు దగ్గరా కొలవండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పేషెంటు దిండు దగ్గర కూడా కొలవాలండి. సిస్టర్ పది నిమిషాలుండి వెళ్ళిపోతుంది, పేషెంటు ఇరవై నాలుగు గంటలూ సీలింగు వైపు చూస్తూ పడుకునే ఉంటాడు.

అంకె ఎక్కువొస్తే కంగారుపడి ఫిక్స్చర్ తీసేయకండి. చాలాసార్లు ఏదో మెరిసే వస్తువు కిరణాన్ని కిందికి కొడుతూ ఉంటుంది. అల్యూమినియం యూవీని బాగా తిప్పికొడుతుంది. ఒకచోట అంతకుముందు అంతా బాగున్న రూములో దిండు దగ్గర రీడింగు పెరిగింది. ఏం మారిందా అని వెతికితే పాత ఫ్యాను తీసేసి తళతళలాడే లోహపు రెక్కల ఫ్యాను పెట్టారు. రెక్కలకి మామూలు తెల్ల పెయింటు వేయిస్తే సరిపోయింది. మన కంటికి తెల్లగా మెరిసే పెయింటు యూవీని చాలావరకు మింగేస్తుంది, అది మనకి మంచిదే.

ఇంకో జాగ్రత్త. ఫిక్స్చర్‌ని స్ప్లిట్ ఏసీకి తిన్నగా ఎదురుగా పెట్టకండి, ప్లాస్టిక్ పసుపుబారి కొన్నాళ్ళకి పెళుసెక్కిపోతుంది. దోమతెర కట్టడానికి మంచమెక్కే అటెండెంట్లు, ఫ్యాను తుడవడానికి స్టూలెక్కేవాళ్ళు, బల్బు మార్చే ఎలక్ట్రీషియను, పెయింటర్లు వీళ్ళందరి తలలూ ఆ కిరణాల పొరలోకి వెళ్తాయి. ఏడడుగుల ఎత్తు దాటి ఎవరు ఎక్కాలన్నా ముందు యూవీ ఆపాలి. స్విచ్ రూము బయట, తాళంచెవితో తిరిగేది పెట్టించండి, మామూలు లైట్ల బోర్డు మీద వద్దు. తలుపు అద్దంలోంచి చూసేవాళ్ళకి భయం లేదు, మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుంది.

నిర్వహణ లేని యూవీ కంటే యూవీ లేకపోవడమే మేలు, ఎందుకంటే ఉందన్న ధైర్యంతో మాస్కులు జారుతాయి. ట్యూబు ఆపకుండా వెలిగితే దాదాపు 9000 గంటలు, అంటే ఒక ఏడాది పనికొస్తుంది. తర్వాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, లోపల సరుకుండదు. పైన గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఒక పెద్ద వార్డులో నాలుగేళ్ళుగా మార్చని ట్యూబులు చూశాను. అన్నీ చక్కగా వెలుగుతున్నాయి, బయోమెడికల్ రిజిస్టర్‌లో నెలనెలా "పనిచేస్తోంది" అని సంతకాలున్నాయి. మీటరు పెడితే కొత్త ట్యూబు ఇచ్చేదాంట్లో పావు వంతు కూడా రాలేదు, వేలు పెట్టి రుద్దితే మసి అంటింది. ఆ వార్డులో పనిచేసిన ఇద్దరు సిస్టర్లకి ఆ మధ్యలో టీబీ వచ్చిందని తర్వాత తెలిసింది. అది ఆ వార్డులోనే సోకిందని నేను చెప్పలేను. కానీ ఆ ట్యూబులు వాళ్ళని కాపాడలేదని మాత్రం చెప్పగలను.

కాబట్టి ట్యూబు బిగించిన తేదీ ఫిక్స్చర్ మీదే మార్కర్‌తో రాయండి. ఏడాదికోసారి మార్చండి. మూడు నెలలకోసారి, దుమ్ము ఎక్కువైతే నెలకోసారి, ఆపి, చల్లారాక, చేతికి తొడుగులేసుకుని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. సబ్బునీళ్ళు వద్దు, మరకలు మిగులుతాయి. పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, మామూలు చెత్తలో పడేయకూడదు. పగిలితే కిటికీలు తెరిచి అందరినీ బయటికి పంపి, చీపురుతో ఊడ్చకుండా గట్టి అట్టతో ఎత్తి మూతున్న డబ్బాలో వేయండి. వాసన ఘాటుగా వస్తోందంటే ఆ ట్యూబు ఓజోన్ పుట్టిస్తోందని అర్థం, మనుషులున్న రూముకి అది పనికిరాదు, వెంటనే మార్పించండి.

ఏసీ లోపల చిన్న యూవీ లైటు పెడతామని కొందరు సర్వీసువాళ్ళు అంటారు. ఏసీ కాయిల్ మీద బూజు పట్టకుండా అది పనికొస్తుంది. పేషెంటు నుంచి సిస్టర్‌కి సోకకుండా ఆపుతుందని లెక్కలో వేసుకోకండి, గాలి దానిముందు నిలిచేది రెప్పపాటు. 222 నానోమీటర్ల ఫార్ యూవీ‌సీ దీపాల గురించి కూడా ఎవరైనా చెప్తారు. చర్మం పైపొరలోనే ఆగిపోతుంది కాబట్టి మనుషుల మీద పడినా హాని తక్కువని వాటి మీద పరిశోధనలు జరుగుతున్నాయి, నాకూ ఆశగానే ఉంది. కానీ ఇరవై పడకల నర్సింగ్ హోముకి ఈరోజు నేను చెప్పేది ఏళ్ళ తరబడి వార్డుల్లో పరీక్షించి చూసిన 254 అప్పర్ రూమే.

మీరు ఆటలమ్మ గురించి కూడా అడిగారు. గాలిలో ఉన్న వైరస్‌కి యూవీ, ఎగ్జాస్ట్ రెండూ పనిచేస్తాయి, పొక్కుల రసం అంటిన దుప్పటికి పనిచేయవు, అది చేతుల శుభ్రంతో, గుడ్డలు ఉతకడంతో తేలవలసిన పని. ఆటలమ్మ వచ్చిపోయిన సిస్టర్లనో, టీకా వేయించుకున్నవాళ్ళనో ఆ రూముకి వేయండి, గర్భిణిగా ఉన్నవాళ్ళని వేయకండి. టీబీ పేషెంటుకి బయటికి వచ్చేటప్పుడు మామూలు సర్జికల్ మాస్కు, లోపలికి వెళ్ళే సిబ్బందికి ఎన్-95. కళ్ళె పరీక్ష ఆలస్యం చేయకండి, సరైన మందు మొదలైతే పేషెంటు నుంచి ఇతరులకి సోకే ప్రమాదం త్వరగా తగ్గుతుంది, ఏ దీపమూ అంత పని చేయలేదు.

ఈ వారంలో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెండు రూములకీ ఎగ్జాస్ట్ పెట్టించండి, అగరుబత్తి పరీక్ష చేయండి. తర్వాత రూము పొడవు, వెడల్పు, ఎత్తు, ఫాల్స్ సీలింగు ఉందా లేదా, కిటికీ ఎటు, తలుపు ఎటు, మంచం తల ఎటు పెట్టారు, ఇవన్నీ ఒక కాగితం మీద గీసి ఇక్కడ పెట్టండి. ఫిక్స్చర్ ఏ గోడకి, ఎంత ఎత్తులో రావాలో లెక్కేసి చెప్తాను. సప్లయర్‌కి అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.